ఖరీదైన వాచీ - ఉంచుకోవడమా, వాపసు ఇవ్వడమా?

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఇవాళ మనం ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. వస్తువు చిన్నదే గాని ఖరీదు చిన్నది కాదు. అది చేతి గడియారం. మనందరం వాచీ అని పిలుచుకునేది.

మన ఇళ్లలో వాచీకి ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. పెళ్లిలో అల్లుడికి వాచీ పెట్టడం, పది పాసైన పిల్లవాడికి వాచీ కొనిపెట్టడం, రిటైరైన ఉద్యోగికి తోటివాళ్లు పూలదండతో పాటు వాచీ బహూకరించడం మనం చూస్తూ వచ్చినవే. 1961లో బెంగుళూరులో జపాను దేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైంది. అప్పటినుంచి ఎన్నో ఏళ్లపాటు మన మధ్యతరగతి ఇళ్లలో వాచీ అంటే హెచ్.ఎం.టి. వాచీయే. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, వాచీకి కీ ఇచ్చుకుని ఆఫీసుకు వెళ్లిన నాన్నలు మనలో చాలామందికి గుర్తుండే ఉంటారు. 1984లో టైటాన్ సంస్థ ఏర్పడి, హోసూరులో కర్మాగారం పెట్టాక కీ ఇవ్వనక్కరలేని బ్యాటరీ వాచీలు ఇంటింటికీ వచ్చాయి. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది.

ఇప్పుడు టైము చూసుకోవడానికి వాచీయే ఉండాలని లేదు. చేతిలో సెల్‌ఫోను ఉంది. వంటింట్లో మైక్రోవేవ్ కూడా టైము చెబుతుంది. అయినా లక్ష, రెండు లక్షలు పోసి వాచీలు కొంటున్నవాళ్లు మన చుట్టుపక్కలే కనబడుతున్నారు. అది తప్పని నేననను. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకీ బొమ్మ మనిషి బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు జనం గుమిగూడతారు కదా, అది టైము తెలుసుకోవడానికా? కాదు. ఆ పనితనం చూడ్డానికి, ఆ ముచ్చట కోసం. ఖరీదైన వాచీ కూడా అలాంటి ముచ్చటే. ముచ్చట తీర్చుకోవచ్చు. అయితే ఆ ముచ్చట మన సంసారం మోయగలిగిందా అన్నదే ప్రశ్న.

చాలామందికి ఈ ప్రశ్న కొట్లో ఉన్నప్పుడు రాదు. అక్కడ చల్లగా ఏ.సి. వేసి ఉంటుంది. కాఫీ ఇస్తారు. చేతికి తొడిగి అద్దం చూపిస్తారు. "మీ చేతికి ఎంత బాగుందో చూడండి మేడమ్" అంటారు. ఇంటికొచ్చి, పెట్టె బల్లమీద పెట్టాక, రాత్రి దీపం ఆర్పాక అప్పుడు మొదలవుతుంది గుండెల్లో గుబులు. ఉంచుకుందామా, తిరిగి ఇచ్చేద్దామా అని. ఈ గుబులు గురించే ఇవాళ నా ప్రసంగం.

ముందుగా ఒక మాట. నిర్ణయం ఏదైనా కానీండి, అది తీసుకునేదాకా వాచీని చేతికి పెట్టుకోకండి. "పెట్టుకు చూస్తే ఏం పోయింది, ఒక్క పేరంటానికేగా" అనిపిస్తుంది. కానీ వెనక మూతమీద, అద్దంమీద అంటించిన పల్చటి కాగితం ఊడిందంటే, గొలుసులో ఒక కడియం తీయించామంటే, తోలుపట్టీ మడతపడి గీత పడిందంటే అది కొట్టువాడి దృష్టిలో వాడిన సరుకే. పెట్టె, లోపలి చిన్న దిండు, గ్యారంటీ కార్డు, చీటీలు, బిల్లు అన్నీ ఒకచోట పెట్టండి. బిల్లు వెనక సన్నక్షరాల్లో ఏం రాసుందో కళ్లజోడు పెట్టుకుని చదవండి. ఎన్నాళ్లలోగా తిరిగి తీసుకుంటారు? డబ్బే ఇస్తారా, లేక ఆ కొట్లోనే ఇంకేదో కొనుక్కోమని చీటీ ఇస్తారా? ఈ రెండూ తెలుసుకుని, ఆఖరు తేదీని వంటింటి క్యాలెండరు మీద ఎర్రసిరాతో గుర్తు పెట్టండి. ఆలోచించుకోవడానికి మనకున్న గడువు అంతే.

ఇక ఆలోచన. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి. వాచీ ఖరీదు 1,77,000 రూపాయలు అనుకుందాం. అందులో 18 శాతం జి.ఎస్.టి. కలిసి ఉంటుంది. అంటే అసలు సరుకు విలువ 1,50,000, పన్ను 27,000. రేపు ఈ వాచీని ఎవరికైనా అమ్ముకోవాల్సి వస్తే ఆ పన్ను సొమ్ము మనకు తిరిగి రాదు. కొట్టువాడి లాభమూ రాదు. "వాచీ కొనడమంటే బంగారం కొన్నట్టేనండీ, ధర పెరుగుతుంది" అని చెప్పేవాళ్లున్నారు. ఏవో కొన్ని కంపెనీల కొన్ని రకాలకు అలా గిరాకీ ఉన్నమాట నిజమే. కానీ చాలా వాచీలు కొట్టు గుమ్మం దాటగానే ధర తగ్గేవే. బంగారాన్ని కాటాలో వేసి తూచి ఆనాటి రేటు ఇస్తారు. వాచీని తూచి కొనేవాడు ఎవడున్నాడు? కాబట్టి ఇది ఆస్తి అని మనల్ని మనం మభ్యపెట్టుకోవద్దు. ఇది ఖర్చు. ఇష్టపడి చేసే ఖర్చు. అలా ఒప్పుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

అదే సొమ్ము బ్యాంకులో ఏడు శాతం వడ్డీకి వేశామనుకోండి, ఏడాదికి 12,390 రూపాయలు వస్తుంది. పన్నెండు వాయిదాల మీద కొన్నామనుకోండి, నెలకు 14,750 రూపాయలు కట్టాలి. మీ ఇంటి పాలు, కూరలు, కరెంటు, పనిమనిషి జీతం, అన్నీ కలిపి ఎంతవుతుందో ఈ అంకె పక్కన రాసి చూడండి. అప్పుడు తెలుస్తుంది ఆ వాచీ బరువు.

తరవాత చూడాల్సింది దాని పోషణ. ఖరీదైన వాచీలు చాలామటుకు బ్యాటరీ లేని యంత్రాలు. చెయ్యి కదులుతుంటే లోపలి చక్రం తిరిగి స్ప్రింగు చుట్టుకుంటుంది. వాటిని ఆటోమాటిక్ అంటారు. తీసి బీరువాలో పెడితే రెండు మూడు రోజుల్లో ఆగిపోతాయి. మళ్లీ టైము సరిపెట్టుకోవాలి. కొన్నేళ్లకొకసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. దానికయ్యే ఖర్చుతో మామూలు వాచీ ఒకటి కొత్తది వస్తుంది. తోలుపట్టీ అయితే మన కోస్తా జిల్లాల చెమటకు నాలుగు కాలాలు నిలవదు.

ఇంకో విచిత్రం చెప్పనా? టైము కచ్చితంగా చూపించడంలో అయిదారు వందల రూపాయల బ్యాటరీ వాచీ ఈ లక్షల వాచీకంటే మిన్న. బ్యాటరీ వాచీలో సన్నటి క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ లెక్క తప్పకుండా నడుస్తుంది. 1969 డిసెంబరులో జపానులో సీకో కంపెనీవాళ్లు ఇలాంటి చేతి వాచీని మొదటిసారి అమ్మకానికి పెట్టారు. అది నెలకు కొద్ది సెకన్లు మాత్రమే తేడా చూపిస్తుంది. స్విట్జర్లాండులో పరీక్ష చేసి క్రోనోమీటర్ అని ముద్ర వేసే యంత్రపు వాచీకి సైతం రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనక్కి, ఆరు సెకన్లు ముందుకి పోయేందుకు అనుమతి ఉంది. కాబట్టి "ఇంత పోసి కొంటే రోజుకు అయిదు సెకన్లు ముందుకు పోతోంది" అని కొట్టుకు వెళ్లి దెబ్బలాడితే వాళ్లు నవ్వుకుంటారు. అది లోపం కాదు, ఆ యంత్రం స్వభావం.

అలాగే నీటి సంగతి. వాచీమీద 30 మీటర్లు అని రాసి ఉంటే ముప్ఫై మీటర్ల లోతున ఈదవచ్చని కాదు. చేతులు కడుక్కుంటుంటే నాలుగు చుక్కలు పడినా ఫరవాలేదని మాత్రమే దాని అర్థం. అంట్లు తోమేటప్పుడు, బట్టలు ఉతికేటప్పుడు, వేణ్ణీళ్ల స్నానం చేసేటప్పుడు తీసి పక్కన పెట్టాల్సిందే. రోజుకు పదిసార్లు నీళ్లలో చెయ్యి పెట్టే మనబోటి వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇంతవరకూ లెక్కలు. కానీ సంసారంలో అన్నీ లెక్కలతో తేలవు కదండీ. నేను విన్న రెండు కుటుంబాల సంగతులు చెబుతాను.

హైదరాబాదులో ఒక కుటుంబం. పెద్దమ్మాయి పెళ్లయి ఏడాది కాలేదు. సంక్రాంతికి కొత్తల్లుడు వస్తున్నాడని ఇంటాయన వాయిదాల మీద లక్షన్నర పైచిలుకు ఖరీదు చేసే స్విస్ వాచీ తెచ్చారు. భార్యతో చెప్పలేదు. ఆవిడ పెట్టె తెరిచి బిల్లు చూసి కూలబడిపోయింది. చిన్నమ్మాయి ఇంజనీరింగు రెండో ఏడు ఫీజు ఫిబ్రవరిలో కట్టాలి.

"ఏమండీ, అల్లుడుగారు అడిగారా?" అంది.

"అడిగితేనే పెడతామా? వియ్యాలవారి పెద్దల్లుడికి వాళ్ల అత్తవారు కారు కొనిపెట్టారట. మన పరువేం కావాలి?" అన్నారాయన.

ఆవిడ అరవలేదు. ఆ రాత్రికి ఊరుకుని, మర్నాడు కాఫీ ఇచ్చి ఒక్క మాట అడిగింది. "ఆ వాయిదా కడుతూ చిన్నదాని ఫీజుకి అప్పు చేస్తే, ఆ అప్పు పరువు ఎవరిదండీ?" ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. బిల్లు వెనక చూస్తే పది రోజుల గడువుంది. అప్పటికి తొమ్మిది రోజులు గడిచాయి. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి వెళ్లారు. కొట్లో కుర్రాడు "డబ్బు ఇవ్వం సార్, వేరే మోడల్ తీసుకోండి" అన్నాడు. ఆవిడ బిల్లు తిప్పి, అక్కడ అచ్చువేసి ఉన్న వాక్యం వేలితో చూపించింది. మేనేజరు వచ్చి, పెట్టె అంతా చూసి, సొమ్ము వాపసుకు ఒప్పుకున్నాడు. బ్యాంకులో వాయిదాల ఖాతా రద్దయినట్టు కాగితం వచ్చేదాకా ఆవిడ వదల్లేదు. అది చాలా అవసరం. సరుకు వెనక్కి వెళ్లినా బ్యాంకువాళ్లకు సమాచారం అందకపోతే వాయిదా కోత సాగిపోతూనే ఉంటుంది.

పండక్కి అల్లుడుగారికి బట్టలు పెట్టారు, తాంబూలం ఇచ్చారు. భోజనాల దగ్గర మామగారు ఉండబట్టలేక సంగతి చెప్పేశారు. ఆ అబ్బాయి నవ్వి, "మామయ్యగారూ, నా చేతికి అడుగులు లెక్కపెట్టే పట్టీ ఉంది. అది తీస్తే డాక్టరు ఊరుకోడు" అన్నాడట. మనం పరువు పరువు అని ఎవరికోసం వణికిపోతామో, చాలాసార్లు వాళ్లకు ఆ ధ్యాసే ఉండదు.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ప్రేమతో ఇచ్చేది వేరు, అడిగి పుచ్చుకునేది వేరు. పెళ్లి పేరుతో ఫలానా వాచీ కావాలని అడిగితే అది కట్నమే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఇప్పటికీ అమలులోనే ఉంది. ఆడపిల్లల తల్లులు ఈ మాట మరిచిపోకండి.

రెండో సంగతి గుంటూరులోది. ఒక ఉపాధ్యాయురాలు. ముప్ఫయ్యారేళ్లు పనిచేసి రిటైరయ్యారు. పెళ్లిలో పెట్టిన చిన్న వాచీనే పట్టీలు మార్చుకుంటూ అంతకాలం గడిపారు. ఆ వాచీ ముల్లు చూసుకుని గంట కొట్టించారు, ఆ వాచీ చూసుకుని పరుగున ఇంటికొచ్చి పొయ్యి వెలిగించారు. వాడని సెలవులకు సర్కారు ఇచ్చిన సొమ్ము చేతికి రాగానే, ఎవరికీ చెప్పకుండా వెళ్లి లక్షా డెబ్భైవేలు పెట్టి మంచి వాచీ కొనుక్కున్నారు. ఇల్లంతా గగ్గోలు. "ఈ వయసులో నీకెందుకమ్మా? తిరిగి ఇచ్చేసెయ్" అని కొడుకు బెంగుళూరు నుంచి ఫోను. "నలుగురూ ఏమనుకుంటారే?" అని తోడికోడలు.

ఆవిడా తటపటాయించారు. చేసింది తప్పేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు. అప్పుడు కోడలు పక్కన కూర్చుని మెల్లిగా అడిగిందట. "అత్తయ్యా, ఒక్క మాట చెప్పండి. ఇది రోజూ పెట్టుకుంటారా, బీరువాలో దాస్తారా?"

"రోజూ పెట్టుకుంటానే. పొద్దున నడకకి కూడా" అన్నారావిడ.

"మీ మందులకీ, ఆసుపత్రి అవసరాలకీ తీసిపెట్టిన డబ్బులోంచి తీశారా?"

"లేదు. అది వేరే డిపాజిట్టులో ఉంది. ఇల్లు అప్పు లేదు. మీకెవరికీ నేను బాకీ లేను."

"అయితే ఇంకేం అత్తయ్యా, ఉంచుకోండి" అంది కోడలు.

ఆవిడ వాచీ ఉంచుకున్నారు. నేనయితే ఆ నిర్ణయం సబబే అంటాను. ఇల్లాలు తనకోసం ఒక రూపాయి ఖర్చుపెట్టుకుంటే దుబారా, ఇంట్లో మగవాళ్లు పెడితే హోదా అనే తూకం మన ఇళ్లలో ఇంకా పోలేదు. అదే వాచీ ఆవిడ కొడుక్కి కొనిపెట్టి ఉంటే ఎవరూ పెదవి విప్పేవారు కాదు. కాబట్టి వాపసు ఇవ్వాలా వద్దా అని ఆలోచించేటప్పుడు, ఆ సంకోచం డబ్బు గురించా, లేక నలుగురి నోటి గురించా అన్నది మొదట విడదీసి చూసుకోండి. డబ్బు గురించి అయితే ఆ సంకోచాన్ని గౌరవించండి. నలుగురి నోటి గురించి అయితే దానికి భయపడకండి.

ఆ కోడలు అడిగినవి చాలా మంచి ప్రశ్నలు. వాటికి నేను ఇంకొక్కటి కలుపుతాను. ఈ వాచీ కొన్న సంగతి ఇంట్లో దాచాల్సి వస్తోందా? దాచాల్సి వస్తే, ధర తగ్గించి చెప్పాల్సి వస్తే, ఆ వస్తువు చేతికి ఉన్నంతకాలం మనసుకి ముల్లే. ఉంచుకోవాలనుకుంటే ఇంట్లోవాళ్లతో చెప్పి ఉంచుకోండి. చెప్పలేకపోతే తిరిగి ఇచ్చేయండి.

ఇక చట్టం సంగతి. ఇది కొంచెం శ్రద్ధగా వినండి. వస్తువు బాగానే ఉంది, మన మనసు మారింది, అందుకని తిరిగి ఇస్తున్నాం అంటే, తీసుకోవడం తీసుకోకపోవడం ఆ దుకాణం పెట్టుకున్న నియమం మీద ఆధారపడి ఉంటుంది. నియమం లేకపోతే బలవంతం చేయలేం. అందుకే కొనేముందే అడిగి, బిల్లుమీద రాయించుకోవాలి. కానీ వస్తువులో లోపం ఉంటే సంగతి వేరు. వాచీ ఆగిపోతోంది, అద్దం లోపల తేమ పడుతోంది, ముల్లు ఊడింది, అప్పుడు "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడమీద ఎంత పెద్ద బోర్డు రాసినా చెల్లదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. సెల్‌ఫోనులో చూసి ఇంటికి తెప్పించుకున్న సరుకయితే, 2020 నాటి నిబంధనలు కూడా ఉన్నాయి. వచ్చిన వస్తువు లోపమున్నదైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వాపసు తీసుకోనంటే కుదరదు. అందుకని ఇంటికి వచ్చిన పార్శిలు విప్పేటప్పుడు పక్కన ఎవరినైనా ఫోనుతో వీడియో తీయమనండి.

కొట్టువాడు వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. మీరు కాపురమున్న జిల్లాలోనే వేసుకోవచ్చు. వస్తువు కోసం చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే రుసుము కూడా లేదు. రెండేళ్లలోగా వేయాలి. ఇదంతా జరగాలంటే చేతిలో బిల్లు ఉండాలి. పన్ను తగ్గుతుందని బిల్లు లేకుండా కొన్న వాచీకి ఏ చట్టమూ అండగా నిలబడలేదు.

గ్యారంటీ కార్డులో కొట్టు ముద్ర, తేదీ, వాచీ వెనక చెక్కిన నంబరు మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. విదేశం నుంచి బంధువులు తెచ్చిన వాచీ అయితే దాని గ్యారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ఆ కంపెనీ సర్వీసు కేంద్రంలో కనుక్కోండి. అన్నింటికీ చెల్లుతుందనుకోకూడదు.

చివరగా, తిరిగి ఇవ్వడానికి సిగ్గుపడే అక్కచెల్లెళ్లకు ఒక మాట. "కొని తెచ్చి మళ్లీ పట్టుకెళితే వాళ్లేమనుకుంటారో" అని గడువు దాటిపోనిచ్చి, తరవాత ఏడాదంతా వాయిదాలు కట్టుకుంటూ బాధపడేవాళ్లు ఎందరో ఉన్నారు. నామోషీ ఏముంది? పుచ్చు వంకాయ వస్తే కూరలవాడికి తిరిగి ఇచ్చేస్తాం. రంగు నప్పని చీర మార్చుకొస్తాం. పది రూపాయల సరుకు దగ్గర లేని సిగ్గు లక్షల సరుకు దగ్గర ఎందుకు? మర్యాదగా వెళ్లండి, పొద్దున పూట రద్దీ లేనప్పుడు వెళ్లండి. అబద్ధం కారణాలు చెప్పకండి. "గడువులోగా ఉన్నాం, వాడలేదు, సొమ్ము వాపసు ఇప్పించండి" అంటే చాలు. సొమ్ము ఏ రోజుకి ఖాతాలో పడుతుందో కాగితం మీద రాయించుకుని రండి.

ఉంచుకోవాలని నిర్ణయించుకుంటే మాత్రం మనసారా ఉంచుకోండి. బీరువాలో నగలపెట్టె అడుగున దాచకండి. పెట్టుకుని కూరలకు వెళ్లండి, బడికి వెళ్లండి, గుడికి వెళ్లండి. రెండు విధాలా మధ్యన ఊగుతూ, పెట్టె మూత తీస్తూ వేస్తూ గడువు దాటించుకోవడం ఒక్కటే చేయకూడని పని.